బ్లాంచర్డ్స్‌టౌన్‌లో బావగారి కూత

గుడ్ల కోసం కోళ్లను పెంచేవాళ్లంత అమాయకులు ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. పెంచితే పుంజును పెంచాలి! అదీ పొలాల మధ్య కాదు. గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్న చోట, నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకునే మనుషులున్న చోట, వేసవిలో మనిషికి సగం నిద్ర కూడా కాకుండానే తెల్లారిపోయే ఈ ఐర్లండ్‌లో పెంచాలి.

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను.

పుంజు కూస్తే నిద్ర చెడుతుందనీ, ఇరుగుపొరుగు తిడతారనీ, మీటింగులు పాడవుతాయనీ ఇక్కడున్న మన పిల్లలందరికీ ఒకటే భయం. ఆ భయంతో ఏరికోరి పెట్టల్నే తెచ్చుకుంటున్నారు. దానివల్ల ఎంత నష్టపోతున్నారో వాళ్లకు తెలియడం లేదు. తెలియజెప్పడం పెద్దదాన్నిగా నా బాధ్యత. నా ఐదో క్లాసు చదువు ఎంత దూరం లాక్కెళ్తే అంత దూరం వివరంగా రాస్తాను. మధ్యలో పక్కదారి పడితే సర్దుకోండి. నాకు అన్నీ గుర్తుంటాయి, అదే నాతో చిక్కు.

ముందు మా ఇంటికి కోళ్లు ఎలా వచ్చాయో చెప్పాలి.

మా మనవరాలు వర్షిణి కుక్కపిల్ల కావాలంది. మా కోడలు కిరణ్మయి వద్దంది. కుక్కంటే రోజూ వానలో తిప్పాలి, ఎవరు తిప్పుతారు? మా అబ్బాయి శ్రీహర్ష మధ్యేమార్గం కనిపెట్టాడు. వాడు డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. దేనికైనా మధ్యేమార్గం కనిపెట్టినందుకే వాడికి జీతమిస్తారని నా అనుమానం.

"కోళ్లు పెంచుదాం. పిల్లకి రెస్పాన్సిబిలిటీ వస్తుంది, మనకి గుడ్లొస్తాయి" అన్నాడు.

అంతే! ఇంట్లో పెద్ద చర్చ మొదలైంది. కోడిపిల్లల్ని కొనాలా, గుడ్లు తెచ్చి పొదిగించాలా? పిల్లలైతే పెట్టో పుంజో చూసి ఇచ్చేవాళ్లుంటారు. గుడ్లలో ఎవరున్నారో ఆ దేవుడికే తెలియాలి. కిరణ్మయి మందుల కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగస్థురాలు. అందుకని తను కోడిపిల్లల వైపు నిలబడింది.

"రిస్క్ ఎందుకండీ? పెట్టలే అని గ్యారంటీ ఇచ్చే పిల్లల్ని తెచ్చుకుందాం" అంది.

"బట్ ఐ వాంట్ టు సీ దెమ్ హ్యాచ్!" అని వర్షిణి ఏడుపు. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఈ ఊరి ఇంగ్లీషే వస్తుంది. నాకు ఆ మాట సగమే అర్థమైంది, ఏడుపు మాత్రం మొత్తం అర్థమైంది. నేను పిల్ల పక్షాన చేరిపోయాను.

"గుడ్లే తెండిరా. లోపలున్నది పెట్టో పుంజో నేను చూసి చెబుతానుగా!" అన్నాను.

మా అమ్మ చెప్పేది. గుండ్రంగా ఉన్న గుడ్డులో పెట్ట ఉంటుంది, కొసదేలిన గుడ్డులో పుంజు ఉంటుంది. ఇంత చిన్న సంగతికి గ్యారంటీ కాగితాలెందుకు?

పక్క జిల్లా మీత్ వైపు ఒక రైతు దగ్గరికి వెళ్లాం. ఆయన ట్రే తెచ్చి, కావలసినవి ఏరుకోమన్నాడు. నేను చీర మీద స్వెటరు, స్వెటరు మీద కోటు, నెత్తిన మంకీ క్యాప్‌తో నిలబడి ఒక్కో గుడ్డునూ వేళ్ల మధ్య తిప్పి చూశాను. కొసదేలినవి పక్కన పెట్టాను. గుండ్రటివి మాత్రమే బుట్టలో వేశాను. ఆ రైతు కాసేపు చూసి, టోపీ వెనక్కి నెట్టుకుని ఏదో అన్నాడు.

"హీ సేస్ ఇట్ డజంట్ వర్క్ లైక్ దట్, నానమ్మా."

"అలా కాదంటాడా? ఆయనకి వాళ్లమ్మ చెప్పలేదేమో. పోనీలే పాపం, ఊరుకో" అన్నాను.

ఇంటికి తెచ్చి పొదిగే మెషిన్‌లో పెట్టాం. వంటింట్లో ప్రెస్ మీద, అంటే అలమార మీద, చిన్న ప్లాస్టిక్ డబ్బా. అదే వేడి చూసుకుంటుంది, అదే తడి చూసుకుంటుంది, అదే గుడ్లను తిప్పుతుంది. మావాడి ఫోనుకు కబుర్లు కూడా పంపుతుంది. స్విచ్ వేసేముందు రాహుకాలం ఇండియా టైములో చూడాలా ఐర్లండ్ టైములో చూడాలా అని కాసేపు వాదించుకుని, రెండూ తప్పించి వేశాం.

మెషిన్ అన్నీ చేసింది గానీ ఒక్కటి చేయలేదు. మాట్లాడలేదు! మా ఊళ్లో కోడి పొదగడానికి కూర్చుంటే గంప కింద నుంచి రోజంతా గునుస్తూనే ఉండేది. పిల్లలు లోపలి నుంచే తల్లి గొంతు వింటాయి. మరి డబ్బాకు గొంతేది? అందుకని నేనే ఒక కుర్చీ వేసుకుని ప్రెస్ పక్కన కూర్చుని మాట్లాడాను. మా పెళ్లి నాటి వాన సంగతీ, మా చిన్నాడపడుచు బావిలో పడ్డ సంగతీ, కందిపొడి ఎలా కొట్టాలో, అన్నీ చెప్పాను. ఎంత మర్యాద గల గుడ్లండీ! ఒక్కటి కూడా "అమ్మా, కాల్‌లో ఉన్నాను" అనలేదు.

ఐదు పిల్లలు బయటికొచ్చాయి. పసుప్పచ్చగా, తడితడిగా, నా మాట వినపడగానే అన్నీ ఒకేసారి తల తిప్పేవి. ఆ వయసులో మా శ్రీహర్ష కూడా అలాగే తిప్పేవాడు.

ఇక్కడ మావాళ్లు ఒక పొరపాటు చేశారు. కోళ్లకు బారసాల చేశారు!

వర్షిణి పేర్లు పెట్టి తీరాలంది. పళ్లెంలో నూకలు పోసి, ఒక్కో పిల్లనూ చేతిలోకి తీసుకుని పేరు పిలిచాం. నాలుగింటికి వర్షిణి తన స్నేహితురాళ్ల పేర్లు పెట్టుకుంది. ఐదోది మాత్రం అందరికంటే ముందు తిని, మిగతావాటిని తోసేసి, రొమ్ము విరుచుకుని పళ్లెం మధ్యలో నిలబడింది. మావాడు పకపకా నవ్వి, "ఇది అచ్చం మా కొండల్ రావు పెదనాన్నే!" అన్నాడు. ఆ పేరు ఖాయమైపోయింది.

కొండల్ రావు గారంటే మావారికి సొంత అన్నగారు. రాజమండ్రిలో ఉంటారు. కాపురానికొచ్చింది మొదలు ఇవాళ్టి దాకా ఆయన పేరు నా నోటితో పలికి ఎరగను. ఇక్కడ రాశానంటే, చేత్తో రాయడం వేరు కాబట్టి రాశాను. మరి ఆ కోడిపిల్లను ఏమని పిలవను? బావగారూ అనే పిలిచాను.

అప్పటి నుంచి మా పెరట్లో మర్యాదలే మర్యాదలు! "బావగారూ, కాస్త తప్పుకోండి, ఊడ్చుకోవాలి." "బావగారు పెంట కెలుకుతున్నారు, వర్షిణీ, చూడు." "బావగారికి విరేచనాలు పట్టుకున్నాయి, నీళ్లు మార్చండి." మామూలు కోడినైతే విసుక్కోవచ్చు, కసురుకోవచ్చు, ఆదివారం నాడు ఇంకో రకంగా కూడా ఆలోచించవచ్చు. బావగారిని ఏమనగలం?

నెత్తిన ఎర్రగా జుట్టు లేచే రోజులొచ్చాయి. ఒకదానికి లేచింది. ఇంకోదానికి లేచింది. ఐదింట్లో నాలుగు పుంజులు!

ఇంట్లో అందరూ నా వైపు చూశారు. నన్ను చూస్తే ఏం లాభం? నా లెక్క మన గుడ్లకు పనిచేసే లెక్క. ఐర్లండ్ గుడ్లకు గుండ్రంగా ఉండటమే సరిగ్గా చేతకాకపోతే అది నా తప్పా?

ఆ రైతు మంచివాడు. మూడు పుంజుల్ని తీసుకుని బదులుగా రెండు పెట్టల్ని ఇచ్చాడు. నా వైపు చూసి, టోపీ మాత్రం మళ్లీ వెనక్కి నెట్టుకున్నాడు. వర్షిణి స్నేహితురాళ్ల పేర్లున్న ముగ్గురు మగవాళ్లూ అలా వెళ్లిపోయారు.

బావగారిని మాత్రం ఇవ్వలేకపోయాం. ఎందుకంటే అప్పటికే రాజమండ్రి బావగారు వీడియో కాల్‌లో ఈ బావగారిని చూసేశారు. కోప్పడతారేమోనని హడలిపోయాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, "నా పేరిటి పుంజా! ఏదీ, రెక్క విప్పించు. కాళ్లు చూపించు. శభాష్!" అని పొంగిపోయారు. అది మొదలు ప్రతి ఆదివారం ఆయన మొదటి ప్రశ్న, "నా వాడెలా ఉన్నాడు?" నా ఆరోగ్యం సంగతి ఆ తర్వాత, గుర్తుంటే.

అలా పుంజు మా ఇంట్లో నిలబడిపోయింది. ఇక అది చేసిన మేళ్లు చెబుతాను.

మొదట్లో కూత సరిగ్గా రాలేదు. గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టు సగంలో విరిగిపోయేది. సాధన చేశారు బావగారు. నెల తిరిగేసరికి, గూటి పైకెక్కి, మెడ సాచి, కళ్లు మూసుకుని ఒక్క కూత కూస్తే వీధి చివర కార్లు కూడా కుయ్యిమనేవి!

మొదటి మేలు మా శ్రీహర్షకు. వాడు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మేడ మీద గదిలో, చెవులకు గిన్నెలంతేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో ఉంటాడు. ఎన్నేళ్ల బట్టో ఆ మీటింగుల్లో ఉన్నా వాడి పై అధికారికి వాడెవరో సరిగ్గా తెలియదట. ఒకరోజు ఆయన ముఖ్యమైన సంగతేదో చెబుతుండగా బావగారు అందుకున్నారు. అంతా ఆగిపోయారు. ఇప్పుడు అమెరికాలో వాళ్ల ఆఫీసువాళ్లక్కూడా మావాడు తెలుసు, "ఆ కోడి అతను" అని. ఇంత పేరు చదువుతో వచ్చిందా? పుంజుతో వచ్చింది!

రెండో మేలు పెద్దది. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఈ ఇల్లు కొనుక్కుని వచ్చి నాలుగేళ్లు. ఎంత ప్రశాంతమైన ఇల్లో చెప్పలేను. మేడ మీద కొడుకు కాల్‌లో ఉంటాడు. కింద డైనింగ్ టేబుల్ దగ్గర కోడలు కాల్‌లో ఉంటుంది. నేను గరిటె కింద పెడితే, "అత్తయ్యగారూ, మ్యూట్‌లో లేను" అని సైగ చేస్తుంది. బంగారం లాంటి పిల్ల, ఎప్పుడూ గొంతెత్తదు. వేలు పెదాల మీద పెడుతుంది, అంతే. వర్షిణి బడి నుంచి వచ్చి ట్యాబ్‌లో దూరుతుంది. ఇక బయటి మనుషులంటారా? నాలుగేళ్లలో మా బెల్ కొట్టింది పార్సిళ్లవాళ్లే. నేను మోకాళ్లు పట్టుకుని గుమ్మం చేరేలోపు డబ్బాకు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

అలాంటి ఇంటికి పుంజు కూసిన వారానికి మనుషులు రావడం మొదలెట్టారు!

మొదట వచ్చింది పక్కింటి డెక్లన్. బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడట. నాలుగేళ్లుగా గోడ అవతల దగ్గు వినడమే గానీ మనిషిని చూడలేదు. గుమ్మంలో నిలబడి వాన గురించి మాట్లాడాడు. గాలి గురించి మాట్లాడాడు. అంతా గ్రాండ్ అన్నాడు. ఈ దేశంలో ఫిర్యాదుకొచ్చినవాళ్లు ముందు అరగంట సేపు అంతా బాగుందని చెబుతారు. వెళ్లబోతూ, గుమ్మంలో వెనక్కి తిరిగి, అప్పుడన్నాడు.

"యువర్ మ్యాన్ ఔట్ ద బ్యాక్ హ్యాజ్ ఎ ఫైన్ పెయిర్ ఆఫ్ లంగ్స్."

"నానమ్మా, హీ మీన్స్ ఇట్స్ టూ లౌడ్" అంది వర్షిణి.

"అయ్యో! అయితే వెళ్లిపోతాడేంటే? కూర్చోమను!" అన్నాను.

అల్లం దంచి, పాలు పోసి మరిగించిన టీ ఇచ్చాను. తాగాడు. గ్లాసు అడుగు దాకా చూశాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు, అదే ఫిర్యాదు మీద. వాళ్లది మేయో వైపు పల్లె అట. వాళ్లమ్మ కూడా కోళ్లు పెంచేదట. రోజూ ఫిర్యాదు చేసేవాడు, రోజూ టీ తాగేవాడు.

తర్వాత వెనకింటి మార్తా వచ్చింది. పోలండు పిల్ల, ఆస్పత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే బావగారు సరిగ్గా ఆమె కిటికీ కిందే కూస్తున్నారట. వేసుకున్న యూనిఫాంతోనే వచ్చేసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ప్లీజ్! ఐ ఓన్లీ వాంట్ స్లీప్!" అంది.

దీనికి వర్షిణి అక్కర్లేదు, నాకే అర్థమైంది. నిద్ర కావాలి, అంతేగా? మా ముందు గదిలోకి కూత అంతగా రాదు. నాలుగు ఇడ్లీలు పెట్టి, సోఫాలో పడుకోబెట్టి, నా దుప్పటి కప్పాను. రెండు నిమిషాల్లో గుర్రు పెట్టింది.

కిరణ్మయి లాప్‌టాప్ పట్టుకుని మేడ దిగి వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "అత్తయ్యగారూ! మన సోఫాలో ఎవరో పడుకున్నారు!"

నేను వేలు పెదాల మీద పెట్టుకున్నాను. "ష్! మెల్లగా. పిల్ల నిద్రపోతోంది."

ఆ వేలు పెట్టుకోవడంలో ఎంత సుఖముందో ఆ రోజు తెలిసింది!

ఆ తర్వాత మార్తా డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చేది. ఒకరోజు గార్డ్స్ కూడా వచ్చారు. పోలీసులను ఇక్కడ అలా అంటారు. ఎవరో ఫోన్ చేశారట. ఇద్దరూ పిల్లకాయల్లా ఉన్నారు. పుంజును చూపించమన్నారు, చూపించాను. బావగారు వాళ్ల ఎదుటే కూసి వాంగ్మూలం ఇచ్చారు. ఒకతను నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. వాళ్లకీ టీ ఇచ్చాను, జంతికలు పొట్లం కట్టి ఇచ్చాను. నా ఇంగ్లీషు కూడా బాగుపడింది. సిట్, ఈట్, సారీ, అగైన్ కమ్. ఈ నాలుగు మాటలతో ఈ దేశంలో ఎంత మందినైనా సంపాదించుకోవచ్చు!

రాత్రిళ్లు ఉత్సాహంగా పప్పు నానబోసేదాన్ని. పొద్దున్న ఎవరు తిట్టడానికొస్తారో, ఎంత మందొస్తారో!

మరి ఇన్ని మేళ్లు చేసే ప్రాణిని మావాళ్లు ఏం చేశారనుకుంటున్నారు?

"అందరూ ఇబ్బంది పడుతున్నారు అత్తయ్యగారూ. రోజూ ఎవరో ఒకరు కంప్లెయింట్‌కి వస్తున్నారు. నాకు సిగ్గుగా ఉంది" అంది కిరణ్మయి. ఆన్‌లైన్‌లో ఒక పట్టీ తెప్పించింది. పుంజు మెడకు చుట్టే కాలర్. నొప్పి ఉండదట, తిండికి అడ్డం రాదట. కూసేటప్పుడు గాలి ఒక్కసారిగా తన్నుకు రాకుండా ఆపుతుందట. అంటే పుంజుకు మ్యూట్ బటన్!

కాలర్ కట్టుకుని బావగారు గూటి పైకెక్కారు. మెడ సాచారు. కళ్లు మూసుకున్నారు. నోరు తెరిచారు. ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేంత ఆవిరి చప్పుడు వచ్చింది. కళ్లు తెరిచి అటూ ఇటూ చూశారు, అన్నది తనేనా అన్నట్టు.

మావాళ్లు చప్పట్లు కొట్టారు. వీధి అంతా హాయిగా నిద్రపోయింది. మార్తా తన ఇంట్లో తన మంచం మీద పడుకుంది. డెక్లన్‌కు ఫిర్యాదు లేదు కాబట్టి రాలేదు. ఎంత మర్యాదస్థులో చూడండి! పని లేకుండా ఒకరి గుమ్మం తొక్కరు. గార్డ్స్ దారి వెంట వెళ్తూ చెయ్యి ఊపారు, అంతే. రుబ్బిన పిండి పులిసిపోయింది. నేనూ బావగారూ పెరట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఎంత ప్రశాంతతండీ! చెవులు కోసుకోవాలనిపించేంత ప్రశాంతత!

కొన్నాళ్లు గడిచాయి. ఒక తెల్లవారుజామున మళ్లీ కూత వినిపించింది.

డెక్లన్ వచ్చాడు. మార్తా వచ్చింది. నేను అల్లం దంచాను, అట్లు పోశాను. మావాడు పెరట్లోకి పరిగెత్తి చూస్తే కాలర్ మెడకే ఉంది. "ఇదెలా సాధ్యం?" అని బిగించాడు. మర్నాడు మళ్లీ కూత! ఇంకో రంధ్రం బిగించాడు. ఆ మర్నాడూ కూత!

మీకు చెబితే మీలోనే ఉంచుకోండి. కూసింది నేను.

ఏం చేయమంటారు? కాలర్ విప్పేద్దామంటే కోడలు కనిపెట్టేస్తుంది. పైగా పుంజులా కూయడం నాకు చిన్నప్పుడే వచ్చు. పొలంలో ఉన్న మా నాన్నను అన్నానికి అలాగే పిలిచేదాన్ని. గొంతు కాస్త బొంగురు పోయింది గానీ, ఈ వయసుకు బాగానే పలికింది.

బావగారు గూటి మీద నుంచి నా వైపు చూసిన చూపు ఈ జన్మలో మరచిపోను. పెద్దవారి ముందు ఎప్పుడూ అంత గొంతెత్తి ఎరగను మరి!

చిక్కు అక్కడే వచ్చిపడింది. మూడో కూత నాటి రాత్రి భోజనాల దగ్గర శ్రీహర్ష తేల్చేశాడు.

"కాలర్ పనిచెయ్యట్లేదు. కంపెనీవాళ్లకి కంప్లెయింట్ పెట్టాను. వాళ్లు ఒప్పుకుని కొత్తది పంపితే సరే, లేదంటే శనివారం పుంజుని మీత్ తీసుకెళ్లి ఆ రైతుకి ఇచ్చేస్తాను. పెదనాన్నకి నేను చెప్పుకుంటాలే."

"డాడీ, నో!" అని వర్షిణి కంచం ముందు నుంచి లేచిపోయింది.

నేను కూస్తే బావగారు పోతారు. నేను నోరు మూసుకుంటే మనుషులు పోతారు. ఇద్దరిలో ఎవరిని వదులుకోను? ఆదివారం రాజమండ్రి నుంచి ఫోనొస్తే ఏమని చెప్పను, మిమ్మల్ని ఇచ్చేశామండీ అనా?

మర్నాడు తెల్లారగానే పెరట్లోకి వెళ్లాను. అలవాటుగా గొంతు సవరించుకున్నాను. నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాను. పెట్టుకుని అలాగే ఆగిపోయాను. గోడ మీద నుంచి డెక్లన్ తల కనిపించింది.

"మార్నింగ్, మిసెస్" అన్నాడు. చేతిలో కప్పు. అవతలి పక్క ఎప్పటి నుంచి నిలబడ్డాడో!

చెయ్యి దించేశాను. బావగారిని తిట్టినట్టు నటిద్దామంటే ఆయన్ని తిట్టలేనాయె. ఈలోగా వర్షిణి నిద్రబట్టలతోనే పుంజును చూసుకోవడానికి వచ్చింది. డెక్లన్ దానికి ఏదో చెప్పాడు. అది నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"నానమ్మా! హీ నోస్ ఇట్స్ యు!"

"ఎలా తెలుసటే?"

"హీ సేస్ నో కాక్ ఎవర్ క్లియర్డ్ హిజ్ త్రోట్ ఫస్ట్."

నిజమే. పుంజు కూసేముందు గొంతు సవరించుకోదు. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు!

"ఎప్పటి నుంచి తెలుసో అడుగు."

అడిగింది. మొదటి రోజు నుంచీ తెలుసట. మార్తాకు కూడా తెలుసట. ఇద్దరూ గోడ దగ్గర మాట్లాడుకున్నారట.

నాకు ఒళ్లు మండింది. "తెలిసి కూడా రోజూ ఫిర్యాదుకెందుకొచ్చాడో అడుగు! నా చేత చలిలో కూయించడానికా?"

వర్షిణి అడిగింది. డెక్లన్ కప్పులోకి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"షూర్, హౌ ఎల్స్ వుడ్ ఐ గెట్ ద టీ?" అన్నాడు.

అది నాకు ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత అతను గోడ మీద రెండుసార్లు పిడికిలితో కొట్టి చూపించాడు. కూయక్కర్లేదట, ఇలా కొడితే చాలట. "సిట్! ఈట్! అగైన్ కమ్!" అన్నాను, నాకున్న ఇంగ్లీషంతా ఒకేసారి ఖర్చుపెట్టి. ఆ రోజు నుంచి నేను కూయడం మానేశాను. బావగారి తరఫున నేను చేయగలిగింది అంతే. ఇక ఆయన ఉండేదీ పోయేదీ కాలర్ కంపెనీవాళ్ల చేతిలో ఉంది.

ఆ సాయంత్రమే వాళ్ల జవాబు వచ్చింది. కాలర్ పనిచేయలేదనడానికి సాక్ష్యం పంపమన్నారు. మావాడి దగ్గర సాక్ష్యం సిద్ధంగా ఉంది! ఆ వారంలోనే ఒకరోజు కిటికీలో ఫోను పెట్టి కూతను రికార్డు చేశాడట. టేబుల్ దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

"కిరణ్, ముందు ఒక చిన్న దగ్గులాంటిది వస్తోంది చూడు. కాలర్ బిగుసుకోవడం వల్ల అయ్యుంటుంది. ఇది రాయాలి" అన్నాడు. ఇంకోసారి విన్నాడు. కూతలో ప్రతి మలుపుకూ తల ఊపాడు.

నేను అట్ల పళ్లెంతో పక్కనే నిలబడ్డాను. చెప్పేద్దామా అనుకున్నాను. "నాన్నా..." అన్నాను.

మావాడు కళ్లు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఒక్క నిమిషం మాట్లాడకు. కూత సరిగ్గా వినపడట్లేదు."

ఆగాను. ఈ దేశం వచ్చాక వాడు నా గొంతును మొదటి నుంచి చివరి దాకా వినడం అదే మొదటిసారి. మధ్యలో మాట్లాడి పాడుచేయడం ఎందుకు?